రెండు లైట్లూ వెలిగితే పాయింట్ ఎవరికి? మహిళల సేబర్ ఫెన్సింగ్ లెక్కలు

2024 జూలై 29, పారిస్‌లోని గ్రాండ్ పలే. ఒలింపిక్స్ మహిళల సేబర్ కాంస్యం కోసం ఉక్రెయిన్ ఫెన్సర్ ఓల్గా ఖార్లాన్, దక్షిణ కొరియా ఫెన్సర్ చోయ్ సే-బిన్ తలపడ్డారు. ఒక దశలో ఖార్లాన్ 5-11తో వెనకబడింది. అక్కణ్ణుంచి ఒక్కో పాయింటూ లాక్కొచ్చి 15-14తో గెలిచి, ఆ ఒలింపిక్స్‌లో తన దేశానికి మొదటి పతకం అందించింది. చెప్పుకోడానికి బాగానే ఉంది కానీ, ఆట చూస్తుంటే మాత్రం మనలో చాలామందికి సగం అర్థం కాదు. రిఫరీ మొదలుపెట్టమనగానే ఇద్దరూ ఒకేసారి మీదికి దూకుతారు, రెప్పపాటులో ఎర్ర లైటూ పచ్చ లైటూ రెండూ వెలుగుతాయి, ఇద్దరూ పాయింట్ నాదేనన్నట్టు గట్టిగా అరుస్తూ రిఫరీ వైపు తిరుగుతారు, రిఫరీ చేతులు అటూ ఇటూ తిప్పి ఒకరికి ఇచ్చేస్తారు. ఇద్దరికీ కత్తి తగిలింది కదా, మరి ఒకరికే ఎందుకు? ఒక్కోసారి ఎవరికీ ఇవ్వకుండా మళ్లీ ఆడమనడం ఏంటి?

ఈ ముడి విప్పితే మిగతావి తేలిగ్గానే విడిపోతాయి. సేబర్‌లో మెషీన్ చెప్పేది సగమే, మిగతా సగం మనిషి తీర్పు. ఆ తీర్పు పాయింట్ దగ్గరే ఆగదు కూడా. కార్డుల దాకా, అసలు ఒలింపిక్స్‌లోకి ఎవరు వస్తారన్న దాకా పోతుంది.

మూడు కత్తులు, మూడు రకాల ఆట

ఫెన్సింగ్‌లో ఫాయిల్, ఎపీ, సేబర్ అని మూడు విభాగాలున్నాయి. ఫాయిల్‌లో కత్తి మొనతో పొడవాలి, అదీ మొండెం మీదే. ఎపీలోనూ మొనతోనే, కానీ అరికాలి నుంచి తల దాకా ఎక్కడ తగిలినా చెల్లుతుంది, ఇద్దరికీ ఒకేసారి తగిలితే ఇద్దరికీ పాయింట్ వస్తుంది. అందుకే కొత్తగా చూసేవాళ్లకి ఎపీ తొందరగా ఎక్కుతుంది.

సేబర్ అలా కాదు. మొనతో పొడవొచ్చు, అంచుతో కొట్టొచ్చు కూడా, ఎక్కువ పాయింట్లు అంచుతో కొట్టినవే. నడుం పైభాగమే టార్గెట్: ఛాతీ, వీపు, మణికట్టు దాకా చేతులు, తలకి పెట్టుకున్న మాస్క్. కత్తి బరువు అర కిలో దాటకూడదు, పొడవు 105 సెంటీమీటర్లు మించకూడదు. ఆడే పట్టీని పీస్ట్ అంటారు, దాని పొడవు 14 మీటర్లు, వెడల్పు రెండు మీటర్ల లోపే. రెండు కాళ్లూ వెనక గీత దాటిపోతే అవతలివాళ్లకి ఒక పాయింట్ ఇచ్చుకోవాల్సిందే.

మహిళలకి ఈ కత్తి అందడానికి చాలా కాలం పట్టింది. పురుషుల సేబర్ 1896 ఏథెన్స్ ఒలింపిక్స్ నుంచే ఉంది. మహిళలకి 1924లో ఫాయిల్, 1996లో ఎపీ వచ్చాయి, సేబర్ మాత్రం 2004లో గానీ రాలేదు. అది మళ్లీ ఏథెన్స్‌లోనే జరగడం యాదృచ్ఛికమే అనుకోండి, పురుషులకీ మహిళలకీ మధ్య 108 ఏళ్ల తేడా మాత్రం యాదృచ్ఛికం కాదు.

లైటు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఆటగాళ్లు వేసుకునే పై జాకెట్‌లో లోహపు పోగులుంటాయి. అవతలి కత్తి దాన్ని తాకితే కరెంటు కనెక్షన్ కలిసి లైటు వెలుగుతుంది, మాస్క్‌కి కూడా అంతే. కాలి మీద తగిలితే ఏ లైటూ వెలగదు, ఆట ఆగదు, ఏమీ జరగనట్టే.

ఒక్క లైటే వెలిగిందా, తగాదా లేదు, నిబంధనలు మీరకపోతే పాయింట్ ఆ కొట్టిన అమ్మాయిదే. రెండూ వెలగాలంటే రెండు దెబ్బలూ దాదాపు ఒకే సమయంలో పడాలి. దాదాపు అంటే ఎంత? మొదటి దెబ్బ పడ్డాక సుమారు 170 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఆరో వంతు. ఆ తర్వాత తగిలిన దెబ్బని మెషీన్ లెక్కలోకే తీసుకోదు.

ఈ అంకె చిన్నదే, ఆట స్వభావాన్ని మాత్రం ఇదే మార్చేస్తుంది. 2016 రియో ఒలింపిక్స్ దాకా ఇది 120 మిల్లీసెకన్లే. గడువు తక్కువైతే ఎవరి కత్తి ముందు తగిలితే వాళ్లకి లాభం, ఎందుకంటే అవతలి దెబ్బ అందేలోపే మెషీన్ తలుపు మూసేస్తుంది. అడ్డుకుని తిరిగి కొట్టే అమ్మాయికి అది నష్టం, అడ్డుకోడానికి కొంత సమయం పోతుంది కదా. 170కి పెంచాక తిరిగి కొట్టిన దెబ్బకి కూడా లైటు వెలిగే అవకాశం పెరిగింది. దాంతో పాటే రెండు లైట్లు వెలిగే సందర్భాలు, అంటే రిఫరీ నోరు విప్పాల్సిన సందర్భాలు కూడా పెరిగాయి.

ప్రయారిటీ అంటే ఏంటి: నాలుగు దెబ్బలు నెమ్మదిగా చూద్దాం

రెండు లైట్లు వెలిగినప్పుడు రిఫరీ అడిగేది ఒకే ప్రశ్న: కొట్టే హక్కు ఆ క్షణంలో ఎవరికి ఉంది? దీన్నే ప్రయారిటీ అంటారు. నిజం కత్తులతో పోరాడే రోజుల ఆలోచన ఇది. పదునైన కత్తి మీదికి వస్తుంటే ముందు ప్రాణం కాపాడుకోవాలి, దాన్ని పట్టించుకోకుండా నేనూ కొడతానని ఎదురెళ్లడం తెలివైన పని కాదు, కాబట్టి ముందు దాడి మొదలుపెట్టినవాళ్లదే హక్కు, దాన్ని అడ్డుకుంటేనో తప్పించుకుంటేనో హక్కు అవతలికి మారుతుంది.

ఎర్ర లైటు అమ్మాయిని లత అనీ పచ్చ లైటు అమ్మాయిని రమ అనీ అనుకుందాం. ఇద్దరి మధ్యా నాలుగు మీటర్ల దూరం. ఒలింపిక్స్‌లో రిఫరీ ఫ్రెంచ్‌లోనే పలుకుతారు, 'ఆలే' అనగానే మొదలు.

మొదటి దెబ్బ. లత రెండడుగులు ముందుకేసి చెయ్యి చాస్తూ ముందుకాలు దూరంగా వేసి దూకింది, దాన్ని లంజ్ అంటారు. రమ ఒక అడుగు వెనక్కి వేసి, లత మీదికొస్తుండగానే చెయ్యి చాచి ఆమె మణికట్టు పైన కొట్టింది. రెండు లైట్లు. పాయింట్ లతది. రమ చేసింది ఎదురుదాడి, ఎదురుదాడికి హక్కు ఉండదు. అదే రమ కొట్టి చటుక్కున వెనక్కి తప్పుకుని, లత కత్తి గాల్లో పోయేలా చేసి ఉంటే ఒక్క లైటే వెలిగేది, పాయింట్ రమకి వచ్చేది.

రెండో దెబ్బ. లత అలాగే దూకింది, ఈసారి రమ తన కత్తితో ఆ దెబ్బని అడ్డుకుంది. టంగుమన్న చప్పుడు, వెంటనే రమ కత్తి లత మాస్క్ మీద. లత ఊరుకోకుండా అదే ఊపులో మళ్లీ కొట్టింది. రెండు లైట్లు, పాయింట్ రమది. అడ్డుకోవడం ప్యారీ, తిరిగి కొట్టడం రిపోస్ట్, ప్యారీ పడ్డ క్షణంలోనే హక్కు చేతులు మారిపోయింది.

మూడో దెబ్బ. లత దూకింది కానీ కొద్దిలో అందలేదు. కత్తి రమ ఛాతీకి ముందే ఆగిపోయింది. రమ వెంటనే ముందుకొచ్చి కొట్టింది, లత వెనక్కి లేస్తూ తనూ ఒక దెబ్బ వేసింది. పాయింట్ రమదే, లత దాడి గురి తప్పగానే ముగిసిపోయినట్టు లెక్క.

నాలుగో దెబ్బ. 'ఆలే' అనగానే ఇద్దరూ అదే వేగంతో, అదే సమయంలో చెయ్యి చాచి దూకారు. ఎవరికీ పాయింట్ లేదు, మళ్లీ గీత దగ్గరికి. బౌట్‌లో, అంటే ఇద్దరి మధ్య జరిగే పోటీలో, ఇలాంటివి వరసగా మూడు నాలుగు వచ్చాయంటే ప్రేక్షకులు విసుక్కుంటారు కానీ, నా మటుకు నాకు సేబర్‌లో అసలు టెన్షన్ అక్కడే కనిపిస్తుంది. ఇద్దరిలో ఎవరు ముందు ప్లాన్ మార్చి ఒక అడుగు వెనక్కి వేస్తారా అని చూడ్డమే.

ఇంకో నిబంధన కూడా ఉంది. సేబర్‌లో ముందుకెళ్తూ వెనక కాలు ముందు కాలిని దాటకూడదు, అంటే పరిగెత్తుకుంటూ వెళ్లి కొట్టడం కుదరదు. దాటితే ఆ దెబ్బ చెల్లదు, పైగా పసుపు కార్డు.

గొడవంతా ఎక్కడ వస్తుందంటే

పైవన్నీ కాగితం మీద శుభ్రంగా ఉన్నాయి. తిప్పలు వచ్చేది ఇలాంటి చోట: లత ముందుకు నడుస్తోంది, కానీ చెయ్యి ఇంకా వెనక్కే పెట్టుకుంది, కొట్టబోతున్నట్టు ఉంది గానీ కొట్టడం లేదు. సరిగ్గా అప్పుడు రమ చెయ్యి చాచి దూకింది, అదే క్షణంలో లత కూడా ముగించింది. లత చేస్తున్నది దాడా, దాడికి ముందు తయారీయా? దాడి అయితే పాయింట్ లతది, తయారీయే అయితే దాడి మొదలుపెట్టింది రమ కాబట్టి రమది. చెయ్యి చాచడం ముందా కాలు కదలడం ముందా అన్నది కంటితో చూసి సెకనులో చెప్పాలి. క్రికెట్‌లో ఎల్బీడబ్ల్యూ లాంటి తీర్పే, కాకపోతే ఇక్కడ ప్రతి రెండు మూడు పాయింట్లకీ ఒకటి వస్తుంది, బంతి దారి గీసి చూపించే టెక్నాలజీ లేదు.

వీడియో ఉంది. ఒలింపిక్స్ వ్యక్తిగత బౌట్‌లో ఒక్కో ఫెన్సర్‌కి రెండు అప్పీళ్లు, తన మాట నెగ్గితే అప్పీల్ పోదు. కానీ వీడియో చూపించేది దెబ్బల వరసనే, దాన్ని దాడి అనాలా తయారీ అనాలా అన్నది మళ్లీ మనిషే చెప్పాలి.

దీని మీద ఫెన్సింగ్ లోకంలో గట్టి వాదనలే ఉన్నాయి. ఈ తీర్పులు మరీ వ్యక్తిగతం, రిఫరీ మనసులో పెద్ద పేరున్న ఆటగాళ్ల మీద మొగ్గు ఉంటే కనిపెట్టడం కష్టం అని ఒక పక్షం. వాళ్ల భయం ఊరికే పుట్టలేదు, 2024లో అమెరికా ఫెన్సింగ్ సమాఖ్య ఇద్దరు రిఫరీలను సస్పెండ్ చేసింది, అదీ ఒక సేబర్ బౌట్ విషయంలో వచ్చిన ఆరోపణల మీద. ఇంకో పక్షం ఏమంటుందంటే, ప్రయారిటీ తీసేస్తే ఇద్దరూ ఒకరినొకరు పట్టించుకోకుండా చేతికందినట్టు కొట్టుకోవడమే మిగులుతుంది, సేబర్‌కి ఉన్న వేగంలో అడ్డుకోవడమన్న కళే చచ్చిపోతుంది. ఈ రెండో మాటలో బలం ఎక్కువుందని నాకనిపిస్తుంది, 1992 బార్సిలోనాలో సేబర్‌కి ఎలక్ట్రిక్ మెషీన్ రాకముందు అసలు తగిలిందా లేదా అన్నదీ మనుషులే చెప్పేవారు, ఆ గొడవలతో పోలిస్తే ఇప్పుడున్నది నయమే. అలాగని మొదటి పక్షం అడిగేదానికి, అంటే రిఫరీలని ఎలా ఎంపిక చేస్తున్నారో బయటపెట్టమనే దానికి, జవాబు చెప్పక్కర్లేదని కాదు.

45 దాకా సాగే రిలే

వ్యక్తిగత బౌట్ 15 పాయింట్లకి. ఒకరు 8కి చేరగానే నిమిషం విరామం. జట్టు పోటీలో ముగ్గురు ఉంటారు, ప్రతి ఒక్కరూ అవతలి ముగ్గురితోనూ ఆడతారు, మొత్తం తొమ్మిది బౌట్లు. మొదటి బౌట్ ఒక జట్టు 5కి చేరేదాకా, రెండోది 10కి, అలా తొమ్మిదోది 45కి. స్కోరు కొనసాగుతూనే ఉంటుంది, ఇదే కీలకం.

పారిస్ ఫైనల్ చూస్తే బాగా అర్థమవుతుంది. ఆఖరి బౌట్ మొదలయ్యేసరికి దక్షిణ కొరియా 40, ఉక్రెయిన్ 37. కొరియాకి కావల్సింది ఐదు పాయింట్లు, ఉక్రెయిన్‌కి ఎనిమిది. వచ్చింది ఖార్లాన్, ఎదురుగా జియోన్ హా-యంగ్. ఖార్లాన్ ఎనిమిది కొట్టి రెండే ఇచ్చింది, 45-42తో స్వర్ణం. ముందు ఎనిమిది బౌట్ల లెక్క ఒక్క బౌట్‌లో తిరగబడింది. జపాన్ కాంస్యం తీసుకుంది.

మహిళల సేబర్ జట్టు పతకం 2012 లండన్ పట్టికలో కనిపించదు, పొరపాటేం కాదు. అప్పట్లో ఫెన్సింగ్ మొత్తానికి పది పోటీలే ఉండేవి, అందుకని జట్టు పోటీల్ని వంతులవారీగా పక్కన పెట్టేవారు. టోక్యో నుంచి పన్నెండూ ఉన్నాయి.

కరచాలనం చేయనందుకు నల్ల కార్డు

పసుపు కార్డు హెచ్చరిక, ఎర్ర కార్డు అవతలివాళ్లకి పాయింట్, నల్ల కార్డు టోర్నీ నుంచి బయటికి. ఖార్లాన్ పారిస్‌కి రాకముందు జరిగింది ఈ మూడోదే.

2023 జూలైలో మిలాన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆమె తటస్థ హోదాలో ఆడిన రష్యా ఫెన్సర్ అనా స్మిర్నోవాని 15-7తో ఓడించింది. బౌట్ అయ్యాక స్మిర్నోవా చెయ్యి చాచింది. ఖార్లాన్ చెయ్యి కలపకుండా తన కత్తిని ముందుకు చాపింది, కత్తులు తాకించుకుందాం అన్నట్టు. స్మిర్నోవా ఒప్పుకోలేదు, నిరసనగా పీస్ట్ దిగకుండా చాలాసేపు అక్కడే కూర్చుండిపోయింది. అప్పటి నిబంధన ప్రకారం కరచాలనం తప్పనిసరి, కాబట్టి గెలిచిన ఖార్లాన్‌ని అనర్హురాలిగా ప్రకటించి సస్పెండ్ చేశారు.

నిబంధన అందరికీ ఒకటే, ఎవరికి వాళ్లు మార్చుకుంటే క్రీడే నడవదని కొందరన్నారు. సొంత దేశం మీద బాంబులు పడుతుంటే ఇది మామూలు మర్యాద విషయం కాదని మరికొందరు. కత్తులు తాకిస్తే చాలని అంతర్జాతీయ సమాఖ్య తాత్కాలిక అధ్యక్షుడే ముందు తనకి చెప్పారని ఖార్లాన్ వాదన. మర్నాడే సస్పెన్షన్ ఎత్తేశారు. అర్హత సాధించలేకపోతే పారిస్‌లో అదనపు స్థానం ఇస్తామని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) అప్పటి అధ్యక్షుడు థామస్ బాక్ లేఖ రాశారు, ఆయన కూడా 1976లో ఫెన్సింగ్ స్వర్ణం గెలిచినవాడే. చివరికి ఉక్రెయిన్ జట్టుగానే అర్హత సాధించింది. సమాఖ్య తర్వాత నిబంధనే సడలించింది, దూరం నుంచి కత్తితో వందనం చేసినా సరిపోతుంది.

రియోలో, టోక్యోలో వ్యక్తిగత స్వర్ణం, రజతం రెండూ రష్యా ఫెన్సర్లవే. పారిస్‌లో వాళ్లు లేరు. కాబట్టి ఆ పతకాల విలువ తగ్గిందా అని అడిగేవాళ్లున్నారు. ఖార్లాన్ అయితే రష్యన్లు ఉన్న 2012, 2016ల్లోనూ కాంస్యం గెలిచింది, పారిస్ వ్యక్తిగత స్వర్ణం గెలిచిన ఫ్రాన్స్ ఫెన్సర్ మనోన్ అపితి-బ్రూనే టోక్యోలో కాంస్యం గెలిచింది. వాళ్లుంటే పారిస్ ఫలితాలు ఎలా ఉండేవో ఊహే తప్ప లెక్క లేదు.

భవానీ దేవి 15-3తో గెలిచి, 7-15తో ఎందుకు ఓడింది

ఆ బ్రూనే చేతిలోనే టోక్యోలో మన భవానీ దేవి ఓడిపోయింది. ఒలింపిక్స్‌కి వెళ్లిన మొదటి భారత ఫెన్సర్ ఆమె. పుట్టింది చెన్నైలో, ఇంటిపేరు చదలవాడ, తండ్రి తరఫు మూలాలు కాకినాడ జిల్లా సామర్లకోటలో. బడిలో మిగతా ఆటల్లో ఖాళీ లేక ఫెన్సింగ్‌కి చేరింది, మొదట్లో వెదురు కర్రలతో ప్రాక్టీస్. మొదటిసారి విదేశీ పోటీకి టర్కీ వెళ్తే మూడు నిమిషాలు ఆలస్యంగా వచ్చిందని నల్ల కార్డు చూపించారు.

2021 జూలై 26న టోక్యోలో మొదటి బౌట్ ట్యునీసియాకి చెందిన నాదియా బెన్ అజీజీతో. విరామానికే 8-0, చివరికి 15-3. తర్వాతి బౌట్ బ్రూనేతో, విరామానికి 2-8, చివరికి 7-15. ఒకే రోజు ఇంత తేడా ఎందుకంటే, ఒలింపిక్స్ సేబర్‌లో గ్రూప్ దశ ఉండదు. ర్యాంకింగ్ ప్రకారం డ్రా వేసి నేరుగా నాకౌట్ ఆడిస్తారు. భవానీ ర్యాంకు అప్పుడు నలభైల్లో ఉంది, బెన్ అజీజీది 384, బ్రూనేది 3. కింది ర్యాంకు వాళ్లు ఒక రౌండ్ గట్టెక్కితే వెంటనే తగిలేది పైవాళ్లే.

మరి 384వ ర్యాంకు ఒలింపిక్స్‌లో ఎలా ఉంది? టోక్యోలోనూ పారిస్‌లోనూ ఒక్కో విభాగానికి ఎనిమిది జట్లు, జట్టుకి ముగ్గురు చొప్పున 24 మంది, సొంత ర్యాంకు ఎంతున్నా, వ్యక్తిగత పోటీకి కూడా వచ్చేస్తారు. మిగిలిన పది స్థానాల్లో ఆరు ఖండాలవారీ ర్యాంకింగ్‌తో, నాలుగు ఖండాలవారీ అర్హత టోర్నీలతో. భవానీ వచ్చింది ఆసియా-ఓషియానియాకి కేటాయించిన రెండు ర్యాంకింగ్ స్థానాల్లో ఒకదాంతో. ఖండాల కోటా వల్ల మంచి ర్యాంకున్న యూరప్ అమ్మాయిలు ఇంట్లో కూర్చోవాల్సి వస్తోందనే ఫిర్యాదు పాతదే. కోటా లేకపోతే ఈ పోటీ నాలుగైదు దేశాల ఇంటి పండగై కూర్చుంటుందనే జవాబూ పాతదే. ఈ స్థానాల లెక్క ఒక్కోసారి వింతగా తిరుగుతుంది: 2004లో నైజీరియా తన స్థానం వదులుకుంటే అది అమెరికా అమ్మాయి మారియల్ జగునిస్‌కి దక్కింది, మహిళల సేబర్‌లో మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం ఆమే గెలిచింది, 2008లో మళ్లీ గెలిచింది.

భవానీ 2023 జూన్‌లో చైనాలోని వుషిలో ఆసియా చాంపియన్‌షిప్ క్వార్టర్‌ఫైనల్లో అప్పటి ప్రపంచ చాంపియన్, జపాన్ ఫెన్సర్ మిసాకి ఎమురాని 15-10తో ఓడించింది. సెమీస్‌లో ఉజ్బెకిస్తాన్ ఫెన్సర్ జైనబ్ దాయిబెకోవా చేతిలో 14-15తో ఓడినా కాంస్యం వచ్చింది, ఆ పోటీల్లో భారత్‌కి అదే మొదటి పతకం. ఆ ఫామ్ చూసి పారిస్ ఖాయమనుకున్నారు చాలామంది. కానీ పైన చెప్పిన పది స్థానాలకి ఒక్క మంచి టోర్నీ సరిపోదు, ఏడాది పొడవునా ప్రపంచ కప్పుల్లో పాయింట్లు కూడబెట్టాలి, లేదా అర్హత టోర్నీ గెలవాలి. జట్టుగా అర్హత సాధిస్తే ఆ లెక్కే అక్కర్లేదు, ముగ్గురికీ వ్యక్తిగత స్థానాలు వాటంతటవే వచ్చేస్తాయి. పారిస్‌కి మన దగ్గర్నుంచి జట్టూ వెళ్లలేదు, భవానీ కూడా వెళ్లలేదు.